మంత్రపత్రాల మర్మం

కథ వినడం ఒక ఆనందం. కథలో దిగి నడవడం మరొక ఆనందం. వినేవాడు కథకుడు వేసిన బాటనే పోతాడు. దిగినవాడు బాటను తానే ఎన్నుకొని, దాని ఫలితాన్ని తానే అనుభవిస్తాడు. ఈ రెండవ ఆనందానికి నియమాలు కూర్చి, పుస్తకాలుగా అచ్చువేసి అందించిన ఆట 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ఈ ఆటను 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణం నుండి టి.ఎస్.ఆర్. అనే సంస్థ ప్రచురించింది. మొదటి ముద్రణ 1000 ప్రతులు మాత్రమే. ఆ తరువాత ఈ కోవకు చెందిన ఆటలు ఎన్నో వెలసినవి. వాటికి తల్లివేరు ఇదే.

ఆట తీరు క్లుప్తంగా చెబుతాము. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు 'డంజన్ మాస్టర్', అనగా కథానిర్వాహకుడు. మిగిలినవారు తలకొక పాత్ర ధరిస్తారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికురాలు, మరొకరు తాళాలు విప్పే దొంగ. "మీ ఎదుట ఒక ఇనుప తలుపు ఉన్నది, లోపల ఎవరో గురక పెడుతున్నారు" అని నిర్వాహకుడు అంటాడు. తమ పాత్రలు ఏమి చేయబోతున్నవో ఆటగాళ్ళు చెబుతారు. ఫలితం సందేహంలో పడినచోట పాచిక తీర్పు చెబుతుంది. ముఖ్యమైన పాచికకు 20 ముఖాలు ఉంటాయి. చదరంగంలో వలె ఇందులో గెలుపు, ఓటమి అనేవి లేవు. కాని పాత్ర చనిపోవచ్చును. నెలల తరబడి ప్రేమగా పెంచుకున్న పాత్ర ఒక్క సాయంత్రంలో పోవచ్చును. మంత్రపత్రాల సంగతి అర్థం కావాలంటే ఈ ఒక్క మాట మనసులో ఉంచుకోవాలి.

కొత్తగా ఆటలో చేరినవారి చేతికి మొట్టమొదట అందే మాయావస్తువు చాలాసార్లు ఒక కాగితపు చుట్టే అవుతుంది. ఏదో పాడుబడిన గదిలో, పెట్టె అడుగున దొరుకుతుంది. ఆంగ్లంలో దీనిని 'స్క్రోల్' అంటారు. తెలుగులో 'చుట్ట' అందామంటే పెద్దవారి నోట వెలిగే మరొక చుట్ట స్ఫురిస్తుంది. ఉర్దూలో 'తూమార్' అనే చక్కని మాట ఉన్నది గాని, మా తెలుగు శాఖ మిత్రులకు దానితో పరిచయం తక్కువ. కావున ఈ వ్యాసంలో 'మంత్రపత్రం' అనే వ్యవహరిస్తున్నాము. అది దొరికిన ఆటగాడు ముందు సంతోషిస్తాడు, తరువాత అడుగుతాడు: దీనితో ఏమి చేయాలి? ఎవరు చదవాలి? ఇప్పుడు చదవాలా, దాచుకోవాలా? మొదటి రెండు ప్రశ్నలకు నియమాల పుస్తకంలో సమాధానం దొరుకుతుంది. మూడవది పుస్తకంలో లేదు, కాని అసలైన ప్రశ్న అదే.

మంత్రపత్రం అంటే ఒకే ఒక్కసారి ప్రయోగించడానికి వీలుగా, ఒక మంత్రాన్ని ముందుగానే నింపి ఉంచిన పత్రం. చదివితే మంత్రం జరుగుతుంది, అక్షరాలు మాసిపోతాయి, పత్రం పొడి అయి రాలిపోతుంది. ఈ ఊహ వెనుక ఒక సాహిత్య నేపథ్యం ఉన్నది. జాక్ వాన్స్ అనే అమెరికన్ రచయిత 1950లో 'ది డయింగ్ ఎర్త్' అనే కథల పుస్తకం వెలువరించాడు. అందులోని మాంత్రికులు గ్రంథం ముందు కూర్చొని మంత్రాన్ని బలవంతంగా మెదడులోకి ఎక్కించుకుంటారు. ఒకసారి ఉచ్చరించగానే ఆ మంత్రం వారి జ్ఞాపకంలో నుండి తుడిచిపెట్టుకొని పోతుంది. మరల కావాలంటే మరల గ్రంథం తెరవాలి. గైగాక్స్ ఈ పద్ధతిని మెచ్చి తన ఆటలోకి తీసుకున్నాడు. 1979 నాటి నిర్వాహకుల గ్రంథంలో, తనకు స్ఫూర్తి ఇచ్చిన రచయితల పట్టికలో వాన్స్ పేరు చేర్చాడు. ఆ రోజుల నియమాల ప్రకారం మొదటి స్థాయి మాంత్రికునికి రోజుకు ఒక్కటే మంత్రం. అది ప్రయోగించిన తరువాత అతడు చేత బాకు పట్టిన బలహీనుడు మాత్రమే. అటువంటివానికి ఒక మంత్రపత్రం దొరకడమంటే ఆ రోజు బలం రెట్టింపు కావడమే.

ఉర్దూ దాస్తాన్లు చదివిన మిత్రులకు ఇక్కడ 'లౌహ్' గుర్తుకు రావచ్చును. తిలిస్మ్‌ను ఛేదించవలసిన వీరుని చేతికి అందే ఆ ఫలకం, అడిగినప్పుడల్లా దారి చూపుతూనే ఉంటుంది. తెలుగువారికి 'పాతాళభైరవి' చిత్రంలోని ప్రతిమ కూడా అటువంటిదే. కోరిన కోరిక తీర్చి మరల కోరికకై ఎదురుచూస్తుంది. మంత్రపత్రం స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది వాడకంతోనే నశిస్తుంది. మన కథల్లోని మాయావస్తువులకు అలవాటుపడిన మనసుతో దీనిని చూస్తే మొదట కొంత అన్యాయంగానే తోస్తుంది.

ఇక నియమాల సంగతి. 2014లో వెలువడిన ఐదవ కూర్పును అనుసరించి చెబుతాము. 2024లో సవరించిన పుస్తకాలు వచ్చినప్పటికీ, పత్రాన్ని చదివి ప్రయోగించే మూలసూత్రాలు మారలేదు.

మొదటి షరతు వర్గానికి సంబంధించినది. ప్రతి పాత్ర ఏదో ఒక వర్గానికి చెంది ఉంటుంది. 'విజార్డ్' గ్రంథాలు చదివి మంత్రాలు నేర్చిన పండితుడు; 'క్లెరిక్' దైవశక్తితో గాయాలు మాన్పేవాడు; 'ఫైటర్' కేవలం యోధుడు. ఏ వర్గం ఏ మంత్రాలు నేర్వవచ్చునో పుస్తకంలో పట్టికలు ఉన్నవి. పత్రంలో ఉన్న మంత్రం మీ వర్గపు పట్టికలో ఉంటేనే మీరు దానిని చదవగలరు. లేకుంటే ఆ రాత మీకు అర్థం కాని గీతలే. విజార్డ్‌కు చెందిన అగ్నిగోళ మంత్రాన్ని సాధారణ యోధుడు ఎంత తిప్పి చూసినా ప్రయోజనం లేదు. కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. దొరికినవాడే పత్రాన్ని తన సంచిలో వేసుకుంటాడు. వస్తువు దొరికినవానిది కాదు, చదవగలిగినవానిది. గుంపులో అటువంటివాడు ఎవరో వెంటనే విచారించి అతనికి అప్పగించడం మేలు.

రెండవ షరతు స్థాయికి సంబంధించినది. ఇక్కడ కొంత నిదానించి చెప్పాలి, ఎందుకంటే 'స్థాయి' అనే ఒకే మాటను ఈ ఆట రెండు అర్థాలలో వాడుతుంది. ఇది నియమాలు వ్రాసినవారి లోపమనే మా అభిప్రాయం. పాత్ర యొక్క స్థాయి 1 నుండి 20 వరకు పెరుగుతుంది. మంత్రం యొక్క స్థాయి 0 నుండి 9 వరకు మాత్రమే. ఈ రెండూ సమానంగా నడవవు. మొదటి స్థాయి విజార్డ్ మొదటి స్థాయి మంత్రాలు ప్రయోగిస్తాడు. రెండవ స్థాయి మంత్రాలు తన మూడవ స్థాయిలో, మూడవ స్థాయి మంత్రాలు తన ఐదవ స్థాయిలో, తొమ్మిదవ స్థాయి మంత్రాలు తన పదిహేడవ స్థాయిలో అందుతాయి. "నేను మూడవ స్థాయికి వచ్చాను, మూడవ స్థాయి మంత్రం ఎందుకు రాలేదు?" అని అడగని కొత్త ఆటగాడు అరుదు.

పత్రంలోని మంత్రం మీ అందుబాటులో ఉన్న స్థాయిదే అయితే పాచిక వేయనక్కరలేదు, చదివితే చాలు. మీ అందుబాటుకు మించినదైతే పరీక్ష ఉన్నది. 20 ముఖాల పాచిక వేసి, మీ మంత్రశక్తికి ఆధారమైన గుణం, అనగా విజార్డ్‌కు బుద్ధి, క్లెరిక్‌కు వివేకం, ఇచ్చే అదనపు సంఖ్యను కలపాలి. మొత్తం, పదికి మంత్రస్థాయిని కలిపిన సంఖ్యకు సమానంగా గాని మించి గాని రావాలి. రాకపోతే మంత్రం పత్రం నుండి మాయమవుతుంది. మరే అపకారమూ జరగదు, కాని ఉపకారమూ లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాము. మన కళాశాల విద్యార్థిని ఒకామె విజార్డ్ పాత్ర ధరించిందనుకుందాం; ఆ పాత్ర పేరు నీలవేణి. పాత్ర స్థాయి 1, బుద్ధి 16, కనుక అదనపు సంఖ్య 3. ప్రాణాంకాలు ఏడో ఎనిమిదో. ఆమెకు 'ఫైర్‌బాల్', అనగా అగ్నిగోళ మంత్రపత్రం దొరికింది. ఇది మూడవ స్థాయి మంత్రం. పరీక్షకు లక్ష్యసంఖ్య 10కి 3 కలిపి 13. నీలవేణికి 3 అదనంగా ఉన్నది కనుక పాచికపై 10 గాని అంతకంటె ఎక్కువ గాని పడాలి. 10 నుండి 20 వరకు 11 ముఖాలు. అంటే 20లో 11, నూటికి 55 పాళ్ళు జయం. ఇంచుమించు నాణెం ఎగరవేసినట్లే. గుంపులో 'బార్డ్' అనే గాయకపాత్ర ఉండి తన పాటతో ఆమెను ఉత్సాహపరిస్తే, ఆరు ముఖాల పాచిక ఒకటి అదనంగా కలుస్తుంది; అప్పుడు జయావకాశం నూటికి 72.5 అవుతుంది. స్నేహితుని పాట ఒక ప్రాణాన్ని నిలబెట్టగలదన్న మాట ఈ ఆటలో లెక్కకు కూడా అందుతుంది.

ఫలించిందనుకోండి. అగ్నిగోళం 150 అడుగుల దూరం వరకు పోయి, 20 అడుగుల వ్యాసార్ధంలో పేలుతుంది. ఎనిమిది ఆరుముఖాల పాచికలు వేసి కూడాలి. సగటున 28 నష్టాంకాలు. సాధారణ గోబ్లిన్‌కు ఉండేవి 7 ప్రాణాంకాలు. వంతెనపై గుంపుగా వస్తున్న గోబ్లిన్లు తప్పించుకోజూసి నష్టాన్ని సగానికి తగ్గించుకున్నా ప్రాణాలతో మిగలడం కష్టం. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. అగ్నికి మిత్రుడు, శత్రువు అనే భేదం లేదు. ఆ వృత్తంలో మన యోధుడు నిలబడి ఉంటే అతడూ కాలిపోతాడు.

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వద్దాము. నీలవేణి ఆ పత్రాన్ని ఈనాడే వాడాలా, దాచుకోవాలా? విజార్డ్‌కు పత్రంతో మరొక ఉపయోగం కూడా ఉన్నది. దానిని ప్రయోగించకుండా, తన మంత్రగ్రంథంలోకి నకలు వ్రాసుకోవచ్చును; అప్పుడు ఆ మంత్రం శాశ్వతంగా తనదవుతుంది. అయితే తాను ప్రయోగించగల స్థాయి మంత్రాన్నే నకలు వ్రాసుకోగలదు. కావున ఐదవ స్థాయి వచ్చే వరకు ఆగాలి. అప్పటికి బుద్ధి 18కి పెరిగి, మంత్రశాస్త్ర నైపుణ్యం కూడా తోడైతే అదనపు సంఖ్య 7 అవుతుంది. లక్ష్యం అప్పుడూ 13. పాచికపై 6 పడితే చాలు, నూటికి 75 పాళ్ళు. 6 గంటల కాలం, 150 బంగారు నాణేలు ఖర్చు. నకలు ఫలించినా, ఫలించకపోయినా పత్రం నశిస్తుంది.

వినడానికి ఇది దూరదృష్టిగల ఆలోచనగానే ఉన్నది. చాలామంది బుద్ధిమంతులైన ఆటగాళ్ళు ఇట్లే చేస్తారు. మేము అంగీకరించలేము. విజార్డ్ స్థాయి పెరిగినప్పుడల్లా తనకు నచ్చిన రెండు మంత్రాలను ఉచితంగా గ్రంథంలో చేర్చుకునే హక్కు ఉన్నది. ఐదవ స్థాయికి చేరిన నాడు నీలవేణి అగ్నిగోళాన్ని ఒక్క నాణెం ఖర్చు లేకుండా పొందగలదు. నాలుగు స్థాయిల ప్రయాణమంతా సంచిలో మోసి, చివరకు ఉచితంగా వచ్చేదానికోసం నూటికి 25 పాళ్ళ నష్టభయం కొనితెచ్చుకోవడం లాభసాటి బేరం కాదు. పైగా ఎనిమిది ప్రాణాంకాల పాత్ర ఐదవ స్థాయి చూస్తుందన్న నమ్మకమేమిటి? 'ఓగర్' అనే రాక్షసుని గద ఒక్క దెబ్బ తగిలితే సగటున 13 నష్టాంకాలు. సంచిలో వాడని అగ్నిగోళం పెట్టుకొని, వంతెన మీద చచ్చిపడిన మాంత్రికుల కథ ఈ ఆట ఆడే ఏ గుంపును అడిగినా ఒకటైనా వినిపిస్తారు.

దీని కంటె సూక్ష్మమైన కారణం మరొకటి ఉన్నది. పాత్ర ఎదుగుతుంది, పత్రం ఎదగదు. శత్రువు మంత్రం నుండి తప్పించుకోవడానికి వేసే రక్షణపాచికకు ఒక లక్ష్యసంఖ్య ఉంటుంది. నీలవేణి స్వయంగా ప్రయోగించే మంత్రాలకు ఆ సంఖ్య మొదటి స్థాయిలో 13. మూడవ స్థాయి మంత్రపత్రానికి పుస్తకం నిర్ణయించిన సంఖ్య 15. అంటే ఈనాడు ఆ పత్రం ఆమె కంటె బలమైనది. ఐదవ స్థాయిలో, బుద్ధి 18తో, ఆమె సంఖ్య కూడా 15, ఇద్దరూ సమానులు. తొమ్మిదవ స్థాయిలో బుద్ధి 20 అయితే ఆమె సంఖ్య 17. అప్పుడు పత్రం ఆమె కంటె బలహీనం. మొదటి, రెండవ స్థాయి మంత్రపత్రాలకైతే ఆ సంఖ్య ఎప్పటికీ 13 దాటదు. దాచినకొద్దీ విలువ పెరిగే బంగారం కాదిది. దాచినకొద్దీ రుచి తగ్గే పండు.

అట్లని దొరికినదంతా దొరికిన రోజే చదివివేయమని మేము అనడం లేదు. మంత్రాలలో రెండు జాతులు ఉన్నవి. అగ్నిగోళం వంటివి శత్రువు రక్షణపాచికపై ఆధారపడతాయి, అవి పాతబడతాయి. రెండవ జాతి మంత్రాలకు ఎదుటివాని పాచికతో పని లేదు. తాళాలు విప్పే 'నాక్', రోగాన్ని గాని అంధత్వాన్ని గాని తొలగించే 'లెసర్ రెస్టొరేషన్', శాపం విడిపించే 'రిమూవ్ కర్స్' ఇటువంటివి. ఇవి పాతబడవు. పైగా వీటి అవసరం ఏ ఆరు నెలలకో ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం తప్పించుకోలేనిదై వస్తుంది. రోజువారీ మంత్రాలలో వీటికి చోటు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. మంత్రపత్రం నిజంగా పుట్టినది ఇటువంటి వాటికోసమే అనిపిస్తుంది.

వీటన్నిటిలో ఉత్తమమైనది 'రివివిఫై'. మరణించి ఒక నిమిషం దాటని ప్రాణిని తాకి, ఒకే ఒక్క ప్రాణాంకంతో తిరిగి లేపే మంత్రం ఇది. ఇదీ మూడవ స్థాయిదే. క్లెరిక్‌కు ఐదవ స్థాయిలో గాని అందదు. మామూలుగా ప్రయోగించాలంటే 300 బంగారు నాణేల విలువగల వజ్రాలు చేతిలో ఉండాలి, అవి ఆ ప్రయోగంలో ఖర్చయిపోతాయి. పత్రం ద్వారా అయితే ఆ వజ్రాలతో పని లేదు. మంత్రానికి కావలసిన ద్రవ్యాలేవీ పత్రం అడగదు. ఇప్పుడు ఊహించండి. గుంపులోని యోధుడు పడిపోయి ప్రాణం విడిచాడు. క్లెరిక్ రెండవ స్థాయివాడు, వివేకం 16. చేతిలో ఈ పత్రం ఉన్నది. పోరాటంలో ఒక్కొక్క ఆవృత్తి 6 సెకన్లు. కనుక ఒక నిమిషమంటే 10 ఆవృత్తులు. ఆ లోపల శవం దగ్గరకు చేరాలి, పత్రం తీయాలి, చదవాలి, నూటికి 55 పాళ్ళ పాచిక గెలవాలి. పాచిక దొర్లుతున్న ఆ రెండు క్షణాలు బల్ల చుట్టూ ఎవరూ ఊపిరి తీయరు. ఈ పత్రాన్ని మాత్రం దాచుకోవలసిందే. అయితే సంచి అడుగున కాదు, నడుముకు కట్టుకొని. తాను పడిపోతే అది ఎక్కడ ఉన్నదో తోటివారందరికీ చెప్పి ఉంచాలి కూడా.

పాత నియమాలు ఇంత సౌమ్యంగా ఉండేవి కావు. 1970లలో పత్రం దొరికితే అందులో ఏమున్నదో తెలుసుకోవడమే ఒక సాహసం. 'రీడ్ మేజిక్' అనే మంత్రం ముందుగా ప్రయోగిస్తేనే ఆ లిపి అర్థమయ్యేది. రోజుకు ఒక్క మంత్రం గలవాడు దానికే ఆ ఒక్కటీ వెచ్చించాలి. దొరికినది నిధికి దారి చూపే పటం కావచ్చును, ఏ వర్గంవారైనా చదవగల రక్షణపత్రం కావచ్చును, లేదా శాపపత్రం కావచ్చును. 1981 నాటి ప్రవేశికలో శాపపత్రంలోని రాతను చూడడమే చాలు, శాపం తగులుతుంది. చదివినవాడు కప్పగా మారిపోవడం అక్కడ ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి. దొంగవర్గానికి 1978 గ్రంథం ఒక వింత వరం ఇచ్చింది. పదవ స్థాయి చేరిన దొంగ మంత్రపత్రాలు చదవగలడు, కాని నూటికి 25 పాళ్ళు తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉన్నది. దీని మూలం కూడా వాన్స్ రచనల్లో కనబడుతుంది. 1966లో వచ్చిన 'ది ఐస్ ఆఫ్ ది ఓవర్‌వరల్డ్' అనే పుస్తకంలో క్యూగెల్ అనే ధూర్తుడు శత్రువును దూరతీరానికి పంపబోయి, మంత్రభాగాలను తారుమారుగా పలికి, తానే అక్కడికి కొనిపోబడతాడు.

పత్రాలను వ్రాసే సంగతి కూడా కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే వాటి విలువ వ్రాతఖర్చును బట్టే ఏర్పడుతుంది. 1977 నాటి ప్రవేశికలో మొదటి స్థాయి మంత్రపత్రం వ్రాయడానికి 100 బంగారు నాణేలు, ఒక వారం పట్టేవి. రెండవ స్థాయికి ఇవి రెట్టింపు. 2000లో వచ్చిన మూడవ కూర్పు దీనిని బాగా చౌక చేసింది. విజార్డ్‌కు పత్రం వ్రాసే విద్య మొదటి స్థాయిలోనే ఉచితంగా ఇచ్చి, మొదటి స్థాయి పత్రం వెల 25 నాణేలుగా, వ్రాతఖర్చు అందులో సగంగా నిర్ణయించింది. కొద్దిపాటి అనుభవాంకాలు కూడా చెల్లించాలి గాని అది పెద్ద అడ్డు కాలేదు. ఫలితంగా మాంత్రికులు పత్రాల కట్టలు మోస్తూ తిరగసాగారు. తాళం విప్పే దొంగకు పని లేకుండా పోయింది. 2017 నాటి ఒక అనుబంధగ్రంథం మరల ధర పెంచి, మూడవ స్థాయి పత్రానికి ఒక వారం, 500 నాణేలు అన్నది. తొమ్మిదవ స్థాయికి 48 వారాలు, 2,50,000 నాణేలు. ఇది అతి అనిపించవచ్చును. కాని పత్రం అరుదైతేనే దానిని చదవడం ఒక నిర్ణయమవుతుంది. సులభంగా దొరికితే అది అలవాటు మాత్రమే. ఈ విషయంలో మేము పెంచినవారి పక్షమే.

కొత్తగా కథానిర్వహణ చేపట్టేవారికి ఒక్క సూచన. ఆటగాళ్ళకు ఇచ్చే మొదటి మంత్రపత్రం, గుంపులో ఎవరో ఒకరు చదవగలిగినదై ఉండేట్లు చూడండి. చదవలేని పత్రం బహుమతి కాదు, పరిహాసం. అది దొరికిన తరువాత రెండు మూడు సాయంత్రాలలోపే దానికి అవసరం కల్పించండి; అయితే అదొక్కటే మార్గమైనట్లు మాత్రం చేయవద్దు. వాడవచ్చును, వాడకుండా మరొక విధంగా గట్టెక్కవచ్చును అన్నప్పుడే బల్ల వద్ద వాదన పుడుతుంది. "ఇప్పుడు వద్దు, ముందు ముందు ఇంకా పెద్ద ఆపద వస్తుంది" అని ఒకరు, "ఇంతకంటె పెద్ద ఆపద ఏముంటుంది?" అని మరొకరు. ఆ వాదన పాచికలు వేయడం కంటె రుచిగా ఉంటుంది.

ఆడదలచినవారు ఖరీదైన గ్రంథాలు కొననక్కరలేదు. ఐదవ కూర్పు మూలనియమాలను 2023 జనవరిలో ప్రచురణకర్తలు, ఎవరైనా స్వేచ్ఛగా చదివి వాడుకునే అనుమతితో విడుదల చేశారు. మంత్రపత్రాల నియమాలు, అగ్నిగోళం, రివివిఫై అన్నీ అందులోనే ఉన్నవి. 20 ముఖాల పాచిక దొరకకపోతే అట్టముక్కలపై 1 నుండి 20 వరకు అంకెలు వ్రాసి గిన్నెలో వేసి, చూడకుండా ఒకటి తీయవచ్చును. తీసిన ముక్కను మరల గిన్నెలో వేయడం మరువరాదు. ఇది మా కల్పన కాదు. 1979 ప్రాంతంలో పాచికల కొరత ఏర్పడినప్పుడు ప్రచురణకర్తలే ఆటపెట్టెలలో పాచికలకు బదులు అంకెల అట్టముక్కలు పెట్టి అమ్మారు.